దీపం ఆరని ఇల్లు – అలంపురం జోగులాంబ తల్లి దర్శనం

శ్రీ మాత్రే నమః



ప్రతి ఏడూ ఈ రోజుల్లో కలశ స్థాపన మొదలు విజయదశమి దాకా మన గుడిలో అమ్మవారిని రోజుకొక అలంకారంలో చూసుకుంటాం. మిషిగన్‌లో అప్పటికే చలి మొదలవుతుంది. పట్టుచీరల మీద కోట్లు వేసుకుని, ఆఫీసుల నుంచి నేరుగా వచ్చి, పిల్లల హోంవర్కు సంచులు కూడా మోసుకొచ్చి మరీ కుంకుమార్చనలో కూర్చుంటాం. అమ్మ పిలిస్తే రాకుండా ఉండలేం కదా!

ఈ సంచికలో మా కుటుంబం చేసుకున్న ఒక దర్శనం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. ఇది ఉత్త యాత్రా విశేషం కాదు, చాలా ఆలస్యంగా తీర్చిన ఒక మొక్కు కథ. చదివిన వారిలో ఏ ఒక్కరైనా మేము చేసిన ఆలస్యం చేయకుండా ఉంటే, ఇది రాసినందుకు ఫలం దక్కినట్టే.

పసుపు గుడ్డలో ముడుపు

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లెటూరు. 1998లో మా అమెరికా ప్రయాణం ఖాయమైనప్పుడు మా అమ్మ అలంపురం జోగులాంబ తల్లికి మొక్కుకుంది. "పిల్లలు క్షేమంగా చేరి నిలదొక్కుకుంటే, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చి నీకు ఒడిబియ్యం పోసి చీర పెడతాను తల్లీ" అని పదకొండు రూపాయలు పసుపు గుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టింది.

మేము క్షేమంగానే చేరాం. నిలదొక్కుకున్నాం. ఇల్లు కొనుక్కున్నాం, పిల్లలు పుట్టారు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ అమ్మ అడిగేది. మా ఊరి నుంచి అలంపురం ఎంత దూరమని? పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. కానీ మనందరికీ తెలిసిందే... మూడు వారాల సెలవులో వీసా స్టాంపింగు ఒకటి, పెళ్ళిళ్ళు రెండు, షాపింగు, పిల్లలకు జ్వరాలు. "వచ్చేసారి తప్పకుండా వెళ్దాంలే అమ్మా" అనేవాళ్ళం. మమ్మల్ని వెంటబెట్టుకుని వస్తానని మొక్కింది కాబట్టి తను ఒక్కతే ఏనాడూ వెళ్ళలేదు.

2022లో అమ్మ వెళ్ళిపోయింది. మరుసటి ఏడు డిసెంబరులో సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు, ఏడాదిగా తాళం వేసి ఉన్న ఇంటి తలుపు తీశాం. గోడల నిండా బల్లులు. వంటింట్లో నాపరాయి పక్కకు జరిపితే తేలు. వెనక గది తలుపు తోయగానే తల మీదుగా గబ్బిలం ఎగిరిపోయింది. మా చిన్నవాడు కేక పెట్టి బయటికి పరుగెత్తాడు. అమ్మ రోజూ అలికి ముగ్గు పెట్టి, రెండు పూటలా దీపం పెట్టిన ఇల్లది. ఒక్క ఏడాదిలో ఎలా అయిపోయిందో! దేవుడి గూడు దులుపుతుంటే ముడుపు దొరికింది. పసుపు రంగు వెలిసిపోయింది కానీ ముడి మాత్రం అలాగే ఉంది.

ఏటి సూతకం తీరగానే చీర, రవికె గుడ్డ, ఒడిబియ్యం, ఆ ముడుపు తీసుకుని అలంపురం బయలుదేరాం.

నదీ తీరాన అమ్మ

అలంపురం క్షేత్రం తుంగభద్ర ఒడ్డున ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు అక్కడికి దగ్గరే. శ్రీశైల క్షేత్రానికి పశ్చిమ ద్వారమని పెద్దలంటారు. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తా దగ్గర మలుపు తిరిగి లోపలికి వెళ్ళాలి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ జిల్లాకు అమ్మ పేరే పెట్టారు, జోగులాంబ గద్వాల జిల్లా అని. ఆ జిల్లాలు మొదలైన రోజు కూడా విజయదశమే!

దక్షయజ్ఞం కథ మనకందరికీ తెలుసు. సతీదేవి శరీర భాగాలు పడిన చోట్లు శక్తిపీఠాలయ్యాయని, అమ్మవారి పై దంతపంక్తి అలంపురంలో పడిందని స్థలపురాణం. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో జోగులాంబ అయిదవది. ఆ పద్దెనిమిదింటిలో నాలుగు మన తెలుగు నేల మీదే ఉన్నాయి: అలంపురంలో జోగులాంబ, శ్రీశైలంలో భ్రమరాంబ, పిఠాపురంలో పురుహూతిక, ద్రాక్షారామంలో మాణిక్యాంబ. పిల్లలకు ఈ నాలుగు పేర్లయినా నేర్పుదాం.

అక్కడే నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరు బ్రహ్మే గాని తొమ్మిదింటిలోనూ ఉన్నది శివుడే. బ్రహ్మదేవుడు తపస్సు చేస్తే స్వామి తొమ్మిది రూపాలుగా వెలిశాడని కథ. వాటిలో ప్రధానమైనది బాలబ్రహ్మేశ్వరాలయం. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన గుళ్ళు ఇవి. శిఖరాలు మన వైపు గోపురాల్లా ఉండవు. ఉత్తరాది గుళ్ళ మాదిరిగా వంపు తిరిగి పైకి లేచి, కొసన ఉసిరికాయ లాంటి చక్రంతో ముగుస్తాయి. పన్నెండు పదమూడు వందల ఏళ్ళ ఎండకూ వానకూ తట్టుకుని నిలబడిన ఆ రాళ్ళను చూస్తే చేతులు వాటంతటవే జోడింపబడతాయి.

"ఈ గుడి నాకంటే చిన్నది!"

బాలబ్రహ్మేశ్వరుణ్ణి దర్శించుకుని అమ్మవారి గుడికి వెళ్ళాం. చుట్టూ నీటి గుండం, మధ్యలో గుడి. తల్లి ఉగ్రస్వరూపిణి కాబట్టి ఆ వేడిని చల్లార్చడానికే ఆ నీళ్ళని చెప్తారు. లోపలికి వెళ్తుంటే పూజారి గారు మాటల్లో "ఈ ఆలయం 2005లో కట్టి ప్రతిష్ఠ చేశారు బాబూ" అన్నారు.

మా పెద్దమ్మాయి 2003లో పుట్టింది. చటుక్కున మా వైపు తిరిగి, "నాన్నా, పురాతనమైన గుడి అని ఇంత దూరం తీసుకొచ్చారు. ఇది నాకంటే చిన్నది!" అంది. వెక్కిరింతగా అనలేదు, నిజంగానే నిరుత్సాహపడింది. మాకూ ఏం చెప్పాలో తోచలేదు. పూజారి గారు మాత్రం నవ్వి, "గుడి నీకంటే చిన్నదే తల్లీ. లోపల అమ్మ మాత్రం మనందరికంటే పెద్దది" అని చెప్పడం మొదలుపెట్టారు.

అమ్మవారి పాత ఆలయం పధ్నాలుగో శతాబ్దం చివరలో, బహమనీ సుల్తానుల కాలపు దాడుల్లో నేలమట్టమైంది. 1390లో అని స్థానికంగా చెప్తారు. అప్పుడు జోగులాంబ విగ్రహాన్నీ, తోడుగా ఉండే చండి, ముండి విగ్రహాలనూ బాలబ్రహ్మేశ్వరాలయంలోకి చేర్చారు. పోనీ పదేళ్ళకో పాతికేళ్ళకో మళ్ళీ గుడి కట్టారా అంటే, లేదు. 2005 దాకా అమ్మ అక్కడే ఉంది. అంటే ఆరు వందల ఏళ్ళకు పైగా! జగత్తునంతా ఏలే తల్లికి తనదైన గర్భగుడి లేదు. స్వామి ఆలయంలోనే ఒక పక్కన కూర్చుని పూజలందుకుంది.

ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆరు వందల ఏళ్ళంటే ఇరవై తరాలకు పైమాటే. ఆ తరాల అర్చకులు, భక్తులు ఏం చేశారు? పొద్దున్నే నీళ్ళు తెచ్చారు. పసుపు కుంకుమ పెట్టారు. దీపం వెలిగించారు. ఉన్నంతలో నైవేద్యం పెట్టారు. కొత్త గుడి చూసే భాగ్యం ఆ ఇరవై తరాల్లో ఎవరికీ దక్కలేదు. "సొంత గుడి కట్టాక ఘనంగా చేద్దాంలే, అప్పటిదాకా ఆగుదాం" అని ఒక తరం అనుకుని ఉంటే ఏమయ్యేది? 2005లో ప్రతిష్ఠించడానికి అమ్మ ఉండేదా?

పడగొట్టిన గోడల కథ విని కోపం తెచ్చుకోవడం తేలిక. ఇంకొకరి కప్పు కింద రోజూ దీపం పెట్టుకుంటూ ఆరు వందల ఏళ్ళు ఓపిక పట్టడం కష్టం. ఆ కష్టమైన పని చేసినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఈ రోజు మనం అనుభవిస్తున్న దర్శనం వాళ్ళ పుణ్యమే.

అలంపురంలోనే ఇంకో విశేషం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయం మునిగిపోతుందని తెలిసి, దాన్ని రాయి రాయిగా విడదీసి తెచ్చి అలంపురంలో మళ్ళీ పేర్చారు. మా అమ్మాయి దాన్ని చుట్టూ తిరిగి చూసి, "అయితే ఈ గుడి కూడా మనలాగే వలస వచ్చిందన్నమాట" అంది. ఆ మాటతో మా మనసు తేలికపడింది. వలస వచ్చినంత మాత్రాన పురాతనత్వం పోదు. మనతో ఏం తెచ్చుకున్నాం, వచ్చాక ఎలా నిలబెట్టుకున్నాం అన్నదే ముఖ్యం.

మన గుడి పెద్దలకు ఇది కొత్త పాఠం కాదు. తొలి రోజుల్లో ఒకరి ఇంటి బేస్‌మెంటులో పటం పెట్టుకుని, తర్వాత అద్దె హాలులో మడత కుర్చీలు వేసుకుని నవరాత్రులు చేసింది మనవాళ్ళే. ఆ రోజుల్లో అమ్మ రాలేదని ఎవరైనా అనగలరా?

అమ్మ తల మీద ఏముంది?

మామూలు రోజుల్లో అమ్మవారు చీర, పూల అలంకారంలో ఉంటుంది. ఏటా వసంత పంచమి నాడు అభిషేకాలు చేసి నిజరూప దర్శనం ఇస్తారు. ప్రేతాసనం మీద కూర్చున్న తల్లి. బయటికి చాపిన నాలుక. విరబోసిన జడల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం. భయం వేసే రూపమే. మా చిన్నవాడు ఇది విని, "అమ్మ అంటున్నారు, మరి ఇలా ఎందుకుంది?" అని అడిగాడు. మన పిల్లలు అందరూ అడిగే ప్రశ్నే.

పూజారి గారు చెప్పిన అర్థం ఇది. ఈ తల్లిని గృహచండి అంటారు. ఇంట్లో జీవకళ తగ్గుతుంటే మొదట బల్లులు చేరతాయి. ఇంకా తగ్గితే తేళ్ళు వస్తాయి. మనుషుల అలికిడి పూర్తిగా పోతే గబ్బిలాలు కాపురం పెడతాయి. చివరికి మిగిలేది కపాలం. ఇల్లు పాడుబడే వరుస అది. ఆ పాడునంతా తల్లి తన తల మీద పెట్టుకుని కూర్చుంది. "మీ ఇళ్ళ మీదికి రావలసింది నేను మోస్తున్నాను, మీరు ఇంటిని ఇల్లుగా ఉంచుకోండి" అని చెప్పడానికే ఆ రూపం.

మేమందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. బల్లి, తేలు, గబ్బిలం... మూడింటినీ నాలుగు రోజుల క్రితమే మా ఇంట్లో చూసి వచ్చాం! నాలుగోది రాకముందే అమ్మ పిలిపించుకుందని అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, ఇరవై అయిదేళ్ళ నాటి ముడుపు విప్పి హుండీలో వేశాం. వెంట ఉండవలసిన మనిషి లేకుండానే మొక్కు తీరింది. మొక్కు బాకీ తీరింది గాని, "వచ్చేసారి" అన్న మాటల బాకీ ఎవరికి తీర్చాలి?

ఇల్లు మనదా, దీపానిదా?

ఆ ఇంటి విషయంలో మా అన్నదమ్ముల మధ్య ఏడాదిగా మాట పట్టింపు ఉంది. అన్నయ్య అమ్మేద్దామన్నాడు. అమ్మ జ్ఞాపకం, అలాగే తాళం వేసి ఉంచుదామని మేము. అలంపురం నుంచి తిరిగి వస్తుంటే కారులో ఎవరూ మాట్లాడలేదు. మా పట్టుదలలో ఉన్న తప్పు మాకు కనబడింది. జ్ఞాపకమని చెప్పి అమ్మ ఇంటిని గబ్బిలాలకు అప్పజెప్పాం. తాళం మన చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా? జగన్మాతే తనదైన గర్భగుడి లేకుండా ఆరు వందల ఏళ్ళు గడిపింది. ఆమె చూసుకున్నది గోడల హక్కు కాదు, ఆరని దీపం.

ఆ రాత్రే అన్నయ్యకు ఫోను చేశాం. ఊరి బడికి కొత్తగా వచ్చిన మాస్టారి కుటుంబం ఇల్లు వెతుక్కుంటోందని తెలిసి, బాగు చేయించి వాళ్ళకిచ్చాం. అద్దె వద్దన్నాం. సంధ్యవేళ గడప దగ్గర దీపం పెట్టమని మాత్రం అడిగాం. సంక్రాంతికి ఆ ఇల్లాలు ఫోనులో ఒక ఫోటో పంపింది. అమ్మ ముగ్గు వేసే చోటే, వాకిలి నిండా రథం ముగ్గు. ఆ ఫోటో ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది.

అందరూ ఇలాగే చేయాలని మా ఉద్దేశం కాదు. కొందరికి అమ్ముకోక తప్పని అవసరం ఉంటుంది. కొందరికి చూసుకునే మనిషి దొరకడు. ఎవరి పరిస్థితి వారిది. ఉన్న ఇంట్లో కళ నిలుపుకోమనే తల్లి చెప్తున్నది.

మరి మన ఇక్కడి ఇళ్ళు? ఈ చలిదేశంలో బల్లులూ తేళ్ళూ రావు. కానీ పాడుబడే గుర్తులు వేరేగా ఉంటాయి. నాలుగు పడగ్గదుల ఇంట్లో నలుగురం నాలుగు గదుల్లో తలుపులు వేసుకుని నాలుగు తెరల ముందు కూర్చుంటే, అది బల్లి వచ్చినట్టు. కలిసి భోజనం చేయడం మానేస్తే తేలు వచ్చినట్టు. అమ్మానాన్నలకు ఫోను చేయడం వాయిదా పడుతూ ఉంటే గబ్బిలం వచ్చినట్టే. అక్కడితో ఆగిపోదాం. నాలుగోదాన్ని రానివ్వవద్దు.

ఈ నవరాత్రులకు మూడు పనులు

మొదటిది, ఈ తొమ్మిది రోజులూ ఇంట్లో సంధ్యాదీపం అందరూ ఉన్నప్పుడే వెలిగిద్దాం. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అయితే ఏడున్నరకే పెట్టుకుందాం. అమ్మ గడియారం చూడదు. ఒక పూట పిల్లల చేత వెలిగింపజేద్దాం.

రెండవది, ఇండియాలో పెద్దవాళ్ళు ఉన్నవారు ఫోను చేసి ఒక్క ప్రశ్న అడుగుదాం: "అమ్మా, మాకోసం మొక్కుకుని ఇంకా తీర్చనివి ఏమైనా ఉన్నాయా?" తప్పకుండా ఉంటాయి. మనం విమానం ఎక్కిన రోజున ఏ గూట్లో ఏ ముడుపు కట్టారో మనకు తెలియదు. వాళ్ళు ఉండగానే, వాళ్ళ చెయ్యి పట్టుకుని వెళ్ళి తీర్చుకుందాం.

మూడవది, వచ్చేసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక్క పూట అలంపురానికి కేటాయించుకుందాం. హైదరాబాదు నుంచి రెండు వందల కిలోమీటర్లు పైచిలుకు దూరం, పొద్దున బయలుదేరితే రాత్రికి తిరిగి రావచ్చు. కర్నూలు నుంచయితే ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. నవబ్రహ్మ ఆలయాలు, మ్యూజియం, సంగమేశ్వరం తీరిగ్గా చూడాలంటే కనీసం మూడు గంటలు పెట్టుకోండి. రాతి నేల ఎండకు కాలిపోతుంది కాబట్టి పిల్లలతో ఉదయమే వెళ్ళండి. నిజరూప దర్శనం కావాలంటే వసంత పంచమికి ప్రయాణం కుదుర్చుకోవాలి. శరన్నవరాత్రులు కూడా అక్కడ వైభవంగా జరుగుతాయి.

అక్కడ మీ పిల్లలు కూడా "ఈ గుడి కొత్తదే కదా" అంటే, వాళ్ళను కోప్పడకండి. బాలబ్రహ్మేశ్వరాలయంలోకి తీసుకెళ్ళి, "అమ్మ ఆరు వందల ఏళ్ళు ఇక్కడ ఉంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి దీపం పెట్టారు. ఇప్పుడు మన వంతు" అని చెప్పండి. ఆ మాట వాళ్ళకు అర్థమవుతుంది. మా పిల్లలకు అర్థమైంది. కిందటి నవరాత్రుల్లో మా అమ్మాయి తన కాలేజీ హాస్టలు గదిలో చిన్న పటం ముందు దీపం పెట్టుకుందామంటే నిప్పు వెలిగించకూడదన్నారట. బ్యాటరీ దీపం పెట్టుకుని ఫోటో పంపింది. కింద ఒక్క వాక్యం రాసింది: "నాన్నా, ఇది కూడా లెక్కలోకి వస్తుందా?"

వస్తుంది తల్లీ. తప్పకుండా వస్తుంది.

జోగులాంబ తల్లి కరుణ మనందరి ఇళ్ళ మీద, ఇక్కడి ఇళ్ళ మీదా అక్కడి ఇళ్ళ మీదా, చల్లగా ఉండాలని ప్రార్థిస్తూ...

శుభం భూయాత్.